ఇంటికో దోసెడు

తాళం వేసిన ఇంట్లోంచి దగ్గు వినిపించింది.

ఇందిరమ్మ అడుగు ఆగిపోయింది. రిజిస్టరులో ముప్పై ఒకటో నంబరు ఎదుటి గడిలో ఆమె అప్పటికే ‘తాళం’ అని రాసేసింది. నెల రోజులకు పైగా రోజూ అదే రాస్తోంది. ఆ ఇంటి హులిగమ్మ, ఆమె మొగుడు రంగప్ప జనవరిలో సుగ్గికి పోయారు. ఆదోనిలో ఈ కొండకింద వీధి సగం అట్లా ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోయి, ఉగాదికి మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగొస్తుంది. ఈసారి ఉగాది నాడే దేశమంతా మూతపడింది. పోయినవాళ్లు పోయినచోటే ఉండిపోయారని వీధి అనుకుంది. ఇందిరమ్మ కూడా అదే అనుకుంది, అదే రాసింది.

మళ్లీ దగ్గు. మగగొంతు. తెరలు తెరలుగా వచ్చి, ఎవరో నోరు నొక్కినట్టు తెగిపోయింది. ఆ వెంటనే ‘ష్’ అని ఆడగొంతు. గడియకు వేలాడుతున్న ఇత్తడి తాళం కదలనైనా లేదు. ఆ చప్పుడు తలుపులోంచి రాలేదు. పైనుంచి వచ్చింది, మిద్దె మీది గవాక్షిలోంచి, పొయ్యి పొగ వెళ్లే దారిన.

తలుపు తట్టవచ్చు. లోపల ఎవరమ్మా అని అడగవచ్చు. ఆశా కార్యకర్తగా పదకొండేళ్లుగా ఈ వీధిలో ఆమె చేస్తున్న పనే అది, అడగడం. చెయ్యి తలుపు దాకా పోయింది. మెటికలు చెక్కకు తగలకముందే వెనక్కి వచ్చింది. ఎవరిదో చెయ్యిని చూసినట్టు ఇందిరమ్మ దాన్ని చూసుకుంది.

పక్కింటి అరుగు మీద హనుమక్క చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ఆమె కొంగు సర్దుకుంది. సర్దుకోవడంలో కొంగు చాట మీద పడింది.

“హనుమక్కా, ఈ ఇంట్లో ఎవురన్నా ఉండారా?”

“తాళం కనపడ్తాంది కదమ్మే. తాళమేసిన ఇంట్లో ఎవురుంటారు, దెయ్యాలా?”

“దగ్గు ఇనపడింది.”

“పిల్లి.”

“పిల్లి దగ్గుతాదా?”

“కరోనా కాలం. పిల్లులు గూడా దగ్గుతాండాయేమో. రాసుకో నీ పుస్తకంలో.”

ఇందిరమ్మ నవ్వలేదు. ముప్పై రెండో గడిలో, హనుమక్క పేరు ఎదురుగా, ‘లేదు’ అని రాసింది. దగ్గుందా, జ్వరముందా అని అడగలేదు. వీధి మొదట్లో నిలబడే సగం గడులు నింపేసుకోవడం ఆమెకు ఈ మధ్య అలవాటైంది. రోజుకు రెండువందల గడప తిరగాలి. అందరూ లేదనే అంటారు. అనకముందే రాసేస్తే రెండు నిమిషాలు కలిసొస్తాయి.

కుళాయి దగ్గరికి వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఫోన్ చేసింది. అవతల ఆరోగ్య కేంద్రం సూపర్‌వైజర్ మహేశ్వర్.

“సార్, ముప్పై ఒకటో ఇంట్లో దగ్గు. ఇద్దరుండారు.”

“జ్వరముందా?”

“తెలీదు సార్.”

“మనుషుల్ని చూసినారా?”

“తాళమేసుండాది సార్.”

“తాళమేసిన ఇల్లు దగ్గుతాందా అమ్మా?”

“సుగ్గికి పోయినోళ్లు సార్. గుంటూరుకు.”

ఆ చివరి మాట అనాల్సిన పని లేదు. సుగ్గి అంటే ఎక్కడికో మహేశ్వర్‌కూ తెలుసు. కానీ అన్నది. ఆ ఊరి పేరు అప్పటికి రోజూ టీవీలో కేసుల లెక్కల పక్కన కనిపిస్తోంది. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. “మీరు ఆ ఇంటి దగ్గరికి పోవద్దు. మేం వస్తాండాం,” అని ఫోన్ పెట్టేశాడు.

ఇందిరమ్మ కుళాయి తిప్పింది. నీళ్లు రాలేదు. నీళ్లు వచ్చే వేళ కాదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం బండి వచ్చింది. నిలువెల్లా తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు ఇద్దరు, ఒక కానిస్టేబులు. కానిస్టేబులు లాఠీతో తాళాన్ని కొట్టబోతే హనుమక్క అరుగు దిగి, కొంగుచివర ముడి విప్పి, తాళంచెవి తీసి నేల మీద పెట్టింది. ఎవరి వైపూ చూడలేదు.

ఇందిరమ్మ ఇరవై గజాల అవతల, తాడు కట్టిన చోట నిలబడి ఉంది. తలుపు తెరుచుకోగానే కానిస్టేబులు రెండడుగులు వెనక్కి తూలి, మోచేతిలో ముఖం దాచుకుని దగ్గాడు. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి. చూస్తుండగానే జబ్బు ఒంట్లోంచి ఒంట్లోకి దూకినట్టు అనిపించింది ఇందిరమ్మకు.

రంగప్ప బయటికి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ముక్కు కారుతోంది. దగ్గు ఆగడం లేదు. అతని వెనక హులిగమ్మ. ఆమె దగ్గడం లేదు. తెల్ల తొడుగు మనిషి ఇచ్చిన మాస్కు మూతికి కట్టుకుని, చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. మాటలు మాస్కులోనే నలిగిపోతున్నాయి.

“రోజుకు రెండుసార్లు... తిప్పాల... తిప్పకుంటే...”

ఏం తిప్పాలో ఇందిరమ్మకు అర్థం కాలేదు. హులిగమ్మ ఆ మాట తెల్ల తొడుగులకు చెప్పింది, కానిస్టేబులుకు చెప్పింది, బండి ఎక్కుతూ మూసిన తలుపులన్నిటికీ కలిపి చెప్పింది. చివర తాడు అవతల నిలబడ్డ ఇందిరమ్మను చూసింది. చెయ్యి ఎత్తింది. అది పిలుపో, తిట్టో, వీడ్కోలో తెలియలేదు. ఇందిరమ్మ రిజిస్టరులో ఏదో చూస్తున్నట్టు తల దించుకుంది.

బండి ఎమ్మిగనూరు వైపు పోయింది. అక్కడొక హాస్టలును ఖాళీ చేసి బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను పద్నాలుగు రోజులు ఉంచుతున్నారు. ఆ పూటే వీధి రెండు చివరలా వెదురు బొంగులు అడ్డం కట్టారు. గుమ్మాల మీద మందు కొట్టారు. సాయంత్రం మహేశ్వర్ ఫోన్ చేసి, “మంచి పని చేసినారమ్మా,” అన్నాడు. ఇందిరమ్మ ఆ మాటను రెండు మూడుసార్లు మనసులో అనుకుని చూసింది. ప్రతిసారీ అది ఎవరో తన పక్కన కూర్చున్న మనిషిని మెచ్చుకున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున వీధిలో ఎవరూ తలుపు తీయలేదు. లోపల్నుంచే అరిచారు. “లేదు. ఏమీ లేదు. పో.” ఒక ఇంట్లోంచి ఎవరిదో గొంతు, “దగ్గినాడంట సుబ్బన్న, తుమ్మినాడంట సుబ్బన్న, రాసుకుని పో తల్లీ,” అని వీధిలో లేని పేరుతో పాట కట్టి రాగం తీసింది. లోపల నవ్వులు.

హనుమక్క మాత్రం అరుగు మీదే ఉంది. ఇందిరమ్మ దగ్గరికి రాగానే తాళంచెవిని అరుగు చివరికి తోసింది.

“పెట్టుకో. ఇల్లు నీకే రాసిచ్చి పోయినారు కదా.”

“నా పని నేను చేసినానక్కా.”

“కాదని ఎవురన్నారు?” హనుమక్క చాట మీద కప్పిన గుడ్డ తీసింది. చాటలో మిరపకాయలు. ముదురు ఎరుపు, ఇంకా మెత్తగా, కొన్నింటి మీద తెల్లటి బూజు. “ఇదీ వాడి రోగం. నాలుగు నెల్ల కూలే ఇది. లారీలో టార్పాలిన్ కింద దాక్కుని వస్తావుంటే మార్కాపురం దాటినాక వాన కొట్టింది. రెండు మూటలూ తడిసి ముద్దయినాయి. మిద్దె మీద ఎండబెడితే నీకు కనపడ్తాది. అందుకని గదిలోనే పరిచి, తలుపులు మూసుకుని తిప్పుతాండారు. నేను బయట తాళమేసి, గవాక్షిలోంచి రొట్టెలు దింపుతాంటి. నాలుగు దినాలు. ఆ ఘాటుకు నువ్వైతే నాలుగు నిమిషాలు ఉండవు లోపల.”

“నాకు సెప్పుంటే...”

“సెప్పుంటే ఏం చేస్తాంటివి?”

ఏం చేసి ఉండేదో ఇందిరమ్మకు నిజంగానే తెలియలేదు. రెండు మూడు జవాబులు వచ్చాయి గాని, ఒక్కటీ తనదిగా అనిపించలేదు.

“తలుపన్నా తట్టింటివా?” అంది హనుమక్క.

తాళంచెవి తీసుకుని ఇందిరమ్మ ముప్పై ఒకటో ఇల్లు తెరిచింది.

ఒకటే గది. మంచం ఎత్తి గోడకు ఆనించారు. గుమ్మం నుంచి పొయ్యి దాకా నేల కనిపించకుండా మిరపకాయలు పరిచి ఉన్నాయి. మధ్యలో ఒక కాలు మోపేంత దారి. ఆ దారి చివర, గోడ వారగా, ఇద్దరు ఒకరికొకరు ఆనుకుని పడుకునేంత జాగా, నలిగిన దుప్పటి. ఘాటు ముందు కళ్లను పట్టుకుంది, తరవాత గొంతును. మాస్కు వల్ల లాభం లేకపోయింది. ఆమె బయటికి పరిగెత్తి, వంగి, కడుపులోని పేగులు కదిలేలా దగ్గింది. హనుమక్క చూస్తూ కూర్చుంది.

“రాసుకో,” అంది.

ఇందిరమ్మ ముఖం తుడుచుకుని మళ్లీ లోపలికి పోయింది.

పనికి ఒక పద్ధతి ఉంది. అది ఆమెకు చెయ్యగా చెయ్యగా తెలిసింది. బూజు పట్టినవి ఒక కుప్ప, నల్లబడ్డవి ఒక కుప్ప, మంచివి చాటలో. అతుక్కున్న కాయల్ని లాగకూడదు, తొడిమ ఊడుతుంది. తొడిమ ఊడితే గింజ రాలుతుంది, గింజ రాలితే కాయ పొట్టుకింద లెక్క. ఒక్కో చాటా నడుముకు ఆనించుకుని నిచ్చెన ఎక్కి, మిద్దె మీద పాత చీర పరిచి, కాయ మీద కాయ పడకుండా చల్లాలి. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుంది. తడికాయ మాట్లాడదు. పదకొండు గంటలకల్లా ఆమె వేళ్ల మధ్య మంట మొదలైంది. చేతులకు ముందే నూనె రాసుకోవాలని ఎవరూ చెప్పలేదు. తెలియక కన్ను నలుపుకుంది. మిద్దె మీద కూలబడి, రెండు కళ్లూ మూసుకుని, నీళ్లు కారిపోతుంటే, ఆ చీకట్లో ఆమెకు చాట కనిపించింది.

హనుమక్క చాట. నిన్న పొద్దున. కొంగు దాని మీద పడకముందు.

ఎర్రగా ఏదో చూసింది తను. చూసింది గదా? కొంగు పడ్డది తరవాత, చూసింది ముందు. ఫోన్ చేసింది ఆ తరవాత. మార్చి నుంచి ఈ వీధిలో గుంటూరు కాయ దొరికే దారి లేదు. ఆ ఎరుపు చూసిన మనిషికి, గవాక్షిలోంచి వచ్చిన దగ్గు ఏ దగ్గో తెలియకుండా ఉంటుందా? తెలిసింది. లేదు, తెలియలేదు. తెలిసిందన్న సంగతి ఇప్పుడే తెలుస్తోంది. ఇది నిన్నటి జ్ఞాపకమో, ఇవాళ చాట చూశాక నిన్నటికి తగిలించుకున్నదో తేల్చే మనిషి లోపల ఎవరూ లేరు.

ఏటా హులిగమ్మ సుగ్గి నుంచి రాగానే చేసే మొదటి పని ఒకటుంది. మూట విప్పి, వీధిలో ఇంటికో దోసెడు మిరపకాయలు పంచుతుంది. మొదటి దోసెడు ఇందిరమ్మకే. “సర్కారోళ్ల వాటా,” అని నవ్వుతుంది. దాంతో ఇందిరమ్మ నూరుకునే కారం ఒక్క మనిషికి మూడు నెలలు వస్తుంది. ఈసారి వచ్చి నాలుగు రోజులైంది. దోసెడు హనుమక్క ఇంటికి చేరింది. తనకు రాలేదు. వచ్చింది ‘ష్’ అన్న చప్పుడు.

దోసెడు మిరపకాయల కోసమా? ఇందిరమ్మకు నవ్వొచ్చింది. నవ్వబోతే దగ్గొచ్చింది. వంద కారణాలున్నాయి, వీధి కోసం, పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం. అన్నీ నిజాలే. వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడితే, చాట అడుగున ఇదొక్కటి మిగులుతోంది, తొడిమ ఊడకుండా.

మధ్యాహ్నం హనుమక్క నిచ్చెన ఎక్కి వచ్చింది. ఏమీ అనకుండా నూనె గిన్నె ముందు పెట్టింది. రెండో చీర పరిచింది. సాయంత్రం దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. దగ్గుకున్నారు.

మూడోనాడు కూడా అదే పని. నాలుగోనాడు గోవిందన్న కూరగాయల ఆటోలో ఇందిరమ్మ ఎమ్మిగనూరు పోయింది. ఆటోకు పాసుంది, ఆమెకు మెళ్లో కార్డుంది. దారంతా గోవిందన్న ఆమెను తన పక్కన కాకుండా వెనక వంకాయల గంపల మధ్య కూర్చోబెట్టాడు.

“ఏమనుకోవద్దు చెల్లెమ్మా. నువ్వు రోగాల మధ్య తిరిగే మనిషివి. పైగా దగ్గుతాండావు.”

“మిరపకాయల దగ్గన్నా ఇది.”

“అందరూ అట్లే అంటారమ్మా,” అన్నాడు గోవిందన్న. ఆటో వేగం పెంచాడు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి గుండా పోయారు. ఏ ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం వల్ల ఊరు చెవిటిదైనట్టుంది. చెప్పాల్సిన మాట ఆమె దారి పొడుగునా అల్లుకుంటూ వచ్చింది. “ఫోన్ చేసింది నేనే.” అంతే. ఆ తరవాత హులిగమ్మ ఏమన్నా పడాలి. తిడితే బాగుండును. తిట్టు పడితే లోపల ఏదో ఒక వైపుకు ఒరిగి నిలబడుతుంది.

హాస్టలు గేటుకు పది గజాల అవతల గీత గీశారు. గీత దగ్గర నిలబడి కాపలావాడి చేత పిలిపించింది. మొగుడూ పెళ్లాం గేటు వెనకకి వచ్చారు. రంగప్ప కళ్లలో ఎరుపు పోయింది. దగ్గు లేదు. చెంపలు కూడా కాస్త నిండినట్టున్నాయి.

“మూడు పూటలా అన్నం పెడ్తాండారమ్మా,” అన్నాడు. “గుడ్డు గూడా. నా పెండ్లిలో గూడా నాకింత మర్యాద జరగల్యా.”

“నీకు ఎవురు చేస్తారు మర్యాద, మూతి కడుక్కోకుండా పీటలెక్కినోడికి,” అంది హులిగమ్మ. ఆమె గొంతు కొద్దిగా నీరసంగా ఉంది. కమ్మీలు పట్టుకుని ముందుకు వంగింది. “ఇందిరమ్మా, తిప్పుతాండారా?”

అప్పటికిగాని ఆ మాట ఇందిరమ్మకు పూర్తిగా అందలేదు. సంచిలోంచి నాలుగు కాయలు తీసి, చెయ్యి ఎత్తి ఊపింది. ఆ దూరానికి గలగల వినిపించే ప్రశ్నే లేదు. అయినా హులిగమ్మ చెవి ఒగ్గింది. విన్నట్టే తల ఊపింది.

“ఎంత పోయింది?”

“ఒక మూటలో సగం బూజు. తక్కింది మంచిదే.”

“సాలు తల్లీ. మొత్తం పోయిందనుకుంటి.”

“హులిగమ్మా.” దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. “ఆ పొద్దు ఫోన్ చేసింది నేనే.”

హులిగమ్మ ఆమె వైపు వింతగా చూసింది. “నువ్వు గాక ఇంగెవురు చేస్తారు? ఆ పని నీదే కదా.”

“తలుపు తట్టలేదు. అడగలేదు.”

“అడిగింటే నేను పలుకుతాంటినా? ఈయప్ప నోరు మూసిందే నీ చెప్పుల సప్పుడు ఇని.” హులిగమ్మ నవ్వింది. “నీకు తెలిస్తే నువ్వు రాయాల. రాయకుంటే నీ నౌకరీకి సెడ్డ. నీకు ఆ ఇరకాటం ఎందుకని ఉలకలేదు, పలకలేదు. నీ దోసెడు తీసి పక్కన పెట్టినాను. పొయ్యి మీది గూట్లో ఉంటాది, పసుపుగుడ్డలో కట్టి. వాన తగలనివి ఏరి పెట్టినా. చూడల్యా నువ్వు?”

ఇందిరమ్మ చూడలేదు. రెండు రోజులూ ఆ గదిలో నేల చూపులే తప్ప గూటి వైపు తల ఎత్తలేదు. తనకేదో చెప్పాలని ఉంది. తెచ్చుకున్న ఒక్క మాటా అయిపోయింది. తిట్టు పడలేదు, క్షమాపణా దొరకలేదు. ఆమె తప్పును హులిగమ్మ తప్పుగా తీసుకోనే లేదు. చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ దింపాలో తెలియని మనిషిలా గీత దగ్గర అటూ ఇటూ కదిలింది. గోవిందన్న హారన్ కొట్టాడు.

సాయంత్రం గూట్లో చెయ్యి పెట్టింది. పసుపుగుడ్డ మూట చేతికి తగిలింది. విప్పింది. మంచి కాయలు, పొడుగ్గా, తొడిమలన్నీ ఒకే వైపు ఉండేట్టు పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టకుండానే తెలుస్తోంది, ఏటా వచ్చేదానికంటే ఇది పెద్ద దోసెడు. మళ్లీ కట్టేసింది. ఇంటికి తీసుకుపోవాలా, ఇక్కడే పెట్టాలా అని నిలబడి, చివరికి గూట్లోనే పెట్టి బయటికి వచ్చింది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి తీసుకుంది. కొంగున ముడేసుకుంది.

ఐదోనాడు పొద్దున మిద్దె మీద కాయలు తిప్పుతుండగా ఫోన్ మోగింది. మహేశ్వర్. గొంతులో హుషారు.

“అమ్మా, మీ ముప్పై ఒకటో ఇంటి రిపోర్టులొచ్చినాయి. మగాయనకు లేదు. ఆమెకుంది. పాజిటివ్. ఆస్పత్రికి మారుస్తాండాం, భయమేం లేదు, ఆమె బాగానే ఉంది.”

ఇందిరమ్మ చేతిలో కాయ చిట్లి గింజలు రాలాయి. “ఆమె దగ్గలేదు సార్. దగ్గింది ఆయప్ప.”

“దగ్గనోళ్లకు గూడా ఉంటాది కదమ్మా. మీరు చెప్పకపోయింటే వీధంతా అంటుకుని ఉండు. మీ పేరు పైకి రాసి పంపుతా.”

తను విన్న దగ్గు జబ్బు కాదు. ఉన్న జబ్బు దగ్గలేదు. తను చేసిన ఫోన్ తప్పు కారణానికి చేసింది, సరైన ఇంటికి పోయింది. ఇది తప్పా, ఒప్పా? రెండు దారాలు ముడిపడితే ఎక్కడ లాగినా బిగుసుకున్నట్టు, ఆమె ఎటు ఆలోచించినా ముడి గట్టిపడింది.

“హనుమక్క రోజూ రొట్టెలు దింపినాదంట కదా, ఆమెను గూడా పరీక్షకు తీసుకుపోతాం,” అంటున్నాడు మహేశ్వర్. “మీరు ఆ ఇంట్లోకి పోలేదు కదమ్మా? రూలు ప్రకారం పోగూడదు. పోలేదనే రాసుకుంటాండా.”

అవతల పెన్ను కదులుతున్న చప్పుడు. అడగకముందే రాసేస్తున్నాడు.

“ఆగండి సార్. పోయినాను.”

పెన్ను ఆగింది. “ఎన్నిసార్లు?”

“మూడు దినాలు ఆడే ఉంటి.”

“ఎందుకమ్మా?” మహేశ్వర్ గొంతు మారిపోయింది. “దగ్గుందా మీకు?”

“ఉంది.”

“దేని వల్ల?”

మిద్దె మీద ఎండ పరుచుకుంటోంది. కాయలు గరగరలాడుతున్నాయి. ఇందిరమ్మ ఒక ఊపిరి లోపలికి తీసుకుని, గొంతులో ఏముందో నిజాయితీగా వెతికింది.

“తెలీదు సార్,” అంది.

బండి పదకొండుకు వస్తుందన్నాడు. ఆమె కిందికి దిగి, ముప్పై ఒకటో ఇంటి గుమ్మంలో కూర్చుంది. మిద్దె మీది మాటలన్నీ పక్కింట్లోకి వినిపించినట్టున్నాయి. హనుమక్క అరుగు దిగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కాస్త ఎడంగా నిలబడింది. చేతిలో ఇత్తడి తాళం.

“లోపలికి పో,” అంది గొంతు తగ్గించి. “బయట ఏసేస్తా. అడిగితే నువ్వు ఊర్లో లేవంటా. నాకు అలవాటే కదా.”

ఇందిరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ అయిన నేల, గోడ వారన నలిగిన దుప్పటి, పైన గవాక్షిలోంచి పడుతున్న ఎండ బిళ్ల. ఒక్క క్షణం కాదు, చాలాసేపు చూసింది. లోపల చల్లగా ఉంటుంది. ఎవరూ అడగరు.

“వద్దక్కా. మద్దేనం కాయలు తిప్పేది ఎవురు?”

“నేనుంటానా, నన్ను గూడా తీసుకుపోతారు కదా.”

“పదకొండు దాకా టైముంది. పో, ఒకసారి తిప్పు. తరవాత ఎవురు ముందు తిరిగొస్తే వాళ్లు తిప్పుతారు.”

హనుమక్క ఆమెను ఎగాదిగా చూసింది. తాళం గుమ్మం పక్కన పెట్టి నిచ్చెన ఎక్కింది.

ఇందిరమ్మ రిజిస్టరు తెరిచింది. ఇవాళ్టి పేజీలో సగం గడుల్లో ‘లేదు’ అప్పుడే రాసి ఉంది. పొద్దున లేస్తూనే రాసింది. చివర, నలభయ్యో నంబరు, ఆమె సొంత ఇల్లు. అక్కడా ‘లేదు’. దాన్ని కొట్టేసి పక్కన ‘ఉంది’ అని రాసింది. ఇవాళ్టి మిగతా ‘లేదు’లన్నిటి మీదా ఒక్కొక్క గీత పెట్టుకుంటూ వెనక్కి వచ్చి, ముప్పై రెండు దగ్గర ఆగింది.

మిద్దె మీద దగ్గు.

ఆమె తల ఎత్తలేదు. ఆ దగ్గు ఎలాంటిదో చెవితో తూచబోయి, మానుకుంది. పెన్ను గడి మీద ఆనించి, పైకి వినపడేలా గట్టిగా అడిగింది.

“హనుమక్కా, దగ్గుందా నీకు?”

పైన కాయలు తిప్పే గరగర ఆగింది. తరవాత హనుమక్క గొంతు గవాక్షి గుండా గదిలోకి దిగి, గుమ్మం దాకా వచ్చింది.

“ఉండాదమ్మే. మిరపకాయలు తిప్పుతాండా కదా, ఉండదా. అయినా నిన్నటి నుంచి తిప్పకపోయినా వస్తాంది. ఏందో నాకూ తెలీదు.”

ఇందిరమ్మ ఆ మాటలు అన్నవి అన్నట్టు రాయడం మొదలుపెట్టింది. గడి చిన్నది. మాటలు గీత దాటి పక్క గడిలోకి, అక్కడి నుంచి కింది గడిలోకి పోయాయి. వీధి చివర బండికి దారి ఇవ్వడానికి వెదురు బొంగులు తీస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె రాస్తూనే ఉంది.